దేన్ని? ఎవరిని?

కర్మ అంటే ఏమిటని సార్ మొదటి రోజు అడిగినప్పుడు, వరండాలో చాప మీద కూర్చున్న ఏడుగురు పిల్లల్లో ఐదుగురం ఒక్క గొంతుతో "తలరాత" అన్నాము. ఆరోవాడు కాస్త ఆలోచించి, "మనిషి పోయినంక పదకొండో దినం చేసేది" అన్నాడు. ఏడోవాడు చప్పల్ బజారు నుంచి వచ్చే ఉర్దూ ఇంటి పిల్లవాడు కాబట్టి, ఆ ప్రశ్నతో తనకు నిమిత్తం లేదన్నట్లు గోడ మీది బల్లిని చూస్తూ కూర్చున్నాడు. సార్ నవ్వలేదు, కసురుకోలేదు. మేము చెప్పిన రెండు అర్థాలూ లోకంలో ఉన్నవేననీ, అయితే వ్యాకరణంలో కర్మ అంటే కర్త చేసే పని ఎవరి మీద గానీ దేని మీద గానీ వాలుతుందో అదేననీ, అలా వాలడానికి ఒక చోటు కోరే క్రియ సకర్మకమనీ, చోటు అక్కరలేకుండా కర్త దగ్గరే ముగిసిపోయే క్రియ అకర్మకమనీ చెప్పి, ఇంగ్లీషు పుస్తకం అప్పుడే తెరవవద్దన్నారు. ఇంగ్లీషు కోసం నెలకు ఐదు రూపాయలు కట్టి వచ్చిన వాళ్ళం మొదటి వారమంతా తెలుగే నేర్చుకున్నాము. ఇంట్లో తెలిస్తే మా నాన్న ఏమంటాడోనని నాకు లోపల ఒక బెదురు ఉండేది.

అది 1975. నేను తొమ్మిదో తరగతి. మా బడి తెలుగు మాధ్యమం కావడం వల్ల ఇంగ్లీషు అంటే ఆవు మీద వ్యాసాన్నీ, సెలవు చీటీనీ కంఠతా పట్టి పరీక్షలో దింపి రావడమే తప్ప, ఒక వాక్యం ఎందుకు ఒప్పయిందో ఇంకొకటి ఎందుకు తప్పయిందో అడిగే అలవాటు మాకు లేదు. సార్ బర్కత్‌పురాలో ఒక సన్నని సందు చివర గూన పెంకుల ఇంట్లో ఉండేవారు. వారు ఉస్మానియాలో చదువుకున్నది 1940 తర్వాతి తొలి సంవత్సరాలలో. ఆ విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనా భాషగా మొదలైంది కాబట్టి చరిత్ర, గణితం, రసాయన శాస్త్రం అన్నీ వారు ఉర్దూలోనే చదివి, ఇంగ్లీషును మాత్రం తప్పనిసరి పాఠ్యాంశంగా నేర్చుకున్నారు. పుట్టుకతో తెలుగు, చదువుతో ఉర్దూ, కొలువుతో ఇంగ్లీషు అన్నట్లుండేది వారి పద్ధతి. మూడు భాషలలో ఏ ఒక్కదాన్నీ తక్కిన రెండింటి సాక్ష్యం లేకుండా వారు నమ్మేవారు కారు. ఆ తరం హైదరాబాదు ఉపాధ్యాయులలో ఇది అరుదైన గుణం కాదని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పట్లో మాకు వింతగానే ఉండేది.

రెండో వారంలో ఇంగ్లీషు వాక్యాలు మొదలయ్యాయి. క్రియ దగ్గర ఆగి "దేన్ని? ఎవరిని?" అని అడగాలి, జవాబు వస్తే సకర్మకం, రాకపోతే అకర్మకం. ఇది ఏ వ్యాకరణ పుస్తకంలోనైనా ఉండే ఉపాయమే. సార్ ప్రత్యేకత ఉదాహరణలలో ఉండేది. "ద మిల్క్‌మ్యాన్ వాటర్స్ ద మిల్క్" అని నల్లబల్ల మీద వ్రాసినప్పుడు, వాటర్ అంటే నీళ్ళు కదా, అది క్రియ ఎట్లా అయిందని మేము తెల్లబోయి చూస్తుండగా, లోపల వంటింట్లోంచి అమ్మగారు పకపకా నవ్వడం వినిపించింది. పాలవాడు ఏం చేస్తాడు? నీళ్ళు కలుపుతాడు. దేనిలో కలుపుతాడని అడిగితే తెలుగులో జవాబు "పాలలో" అని వస్తుంది. ఇంగ్లీషులో మాత్రం నీళ్ళు క్రియలో కరిగిపోయి పాలు కర్మగా నిలబడతాయి. సరిగ్గా అప్పుడే కాచిగూడ స్టేషను వైపు నుంచి రైలు కూత వినపడితే, సార్ ఆ వాక్యం కిందనే "ద ట్రెయిన్ అరైవ్డ్" అని వ్రాశారు. దేన్ని? ఎవరిని? రైలు ఎవరినీ ఏమీ చేయలేదు, అది వచ్చింది, అంతే. ఆ రెండు వాక్యాలు నా నోటు పుస్తకంలో ఒకదాని కింద ఒకటిగా ఎన్నో ఏళ్ళు ఉన్నాయి.

అయితే తెలుగులో కర్మను పట్టుకోవడం కూడా చూసినంత తేలిక కాదని ఆ వారమే తెలిసింది. "నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి" అని మేమందరం నాలుగో తరగతి నుంచీ వల్లె వేసిన వాళ్ళమే. కానీ "అన్నం తిన్నాను" అంటాము గానీ "అన్నాన్ని తిన్నాను" అని సాధారణంగా అనము. "ఆవును చూశాను" అనాలే తప్ప "ఆవు చూశాను" అంటే ఆవే చూసినట్లవుతుంది. ప్రాణం లేని వస్తువుకు విభక్తి గుర్తు ఊడిపోయినా కర్మ కర్మగానే ఉంటుందని సార్ చెప్పేదాకా, అంతకాలం అర్థం తెలియకుండా పాడిన ఆ విభక్తుల పాటలో ఇంత లెక్క ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

నాకు ఈ పాఠం నిజంగా వంటబట్టింది మాత్రం ఒక వానాకాలపు సాయంత్రం. కరెంటు పోయింది. సార్ తమ కళ్ళజోడు తీసి చాప మీద పెట్టి, కందిలి వెలిగించుకొని రావడానికి లోపలికి వెళ్ళారు. చీకట్లో ఎవరో నన్ను గిచ్చారు. గిచ్చినవాడిని పట్టుకుందామని నేను లేచి అడుగు వేశాను. కాలి కింద ఒక చిన్న చప్పుడు అయింది. కందిలి వెలుగు గుమ్మం దాటి వచ్చేసరికి నేను నా చోట బుద్ధిమంతుడిలా కూర్చొని, "సార్, మీ అద్దాలు పలిగినయ్" అని అందరికంటే ముందు నేనే కబురు చెప్పాను.

సార్ కందిలి కింద పెట్టి, ఫ్రేములోంచి రాలిన ముక్కలను ఒక్కొక్కటిగా ఏరి కాగితంలో చుట్టారు. తర్వాత నా వైపు చూసి, ఇప్పుడు చెప్పిన మాటనే ఇంగ్లీషులో వ్రాయమన్నారు. "ద స్పెక్టకల్స్ బ్రోక్" అని వ్రాశాను. ఒప్పేనన్నారు. ఇందులో కర్మ ఉందా అని అడిగారు. దేన్ని, ఎవరిని అని లోపల అనుకొని, లేదని చెప్పాను. "అయితే ఇదే క్రియతో, కర్మ ఉండేటట్లు, ఇంకొక వాక్యం వ్రాయి" అన్నారు. కర్మ రావాలంటే కర్త కావాలి, అద్దాలు కర్మ స్థానంలోకి పోతే ముందు చోటు ఖాళీ అవుతుంది, అక్కడ ఎవరో ఒకరిని నిలబెట్టాలి. పాఠం మీద ఉన్న శ్రద్ధ కొద్దీ నేను ఏమాత్రం తడుముకోకుండా "ఐ బ్రోక్ ద స్పెక్టకల్స్" అని వ్రాసి చూపించాను. నేను ఏం వ్రాశానో నాకు తెలిసింది, పక్కవాళ్ళు ముసిముసిగా నవ్వడం మొదలుపెట్టిన తర్వాతనే.

సార్ ఆ వాక్యానికి కూడా ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, అద్దాల సంగతి అంతటితో వదిలేసి, బ్రోక్ అనే మాట రెండు వాక్యాలలోనూ ఒకటే ఉండటం గమనించమన్నారు. తెలుగులో "పగిలింది" వేరు, "పగలగొట్టాను" వేరు. మన భాషలో తప్పు చేసినవాడు తప్పించుకోవాలంటే క్రియనే మార్చుకోవాలి. ఇంగ్లీషువాడికి ఆ శ్రమ కూడా లేదు, కర్తను తీసి పక్కన పెడితే చాలు. మా నాన్న మరుసటి ఆదివారం ఆ కళ్ళజోడు తీసుకొని సుల్తాన్ బజారుకు వెళ్ళి కొత్త అద్దాలు వేయించి ఇచ్చాడు. ఎంత అయిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అద్దాలు పగిలిన రోజు రాత్రే ఇంట్లో ఈ సంగతి చెప్పుకోక తప్పలేదు. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. పగిలింది, పగలగొట్టు అన్న భేదానికి ఇంగ్లీషులో ఒకే మాట ఉందట అని నేను చెబితే, ఆమె నమ్మలేదు. "అయితే ఆళ్ళింట్ల పిల్లలు గిలాస పలగ్గొడితె తల్లులకు ఎట్ల తెలుస్తదిరా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అద్దాల పాఠం తర్వాత మేము జంటలు పోగు చేయడంలో పడ్డాము. కర్మ అక్కరలేని క్రియ ఒకటి, దానికి కర్మ కోరే జోడు ఒకటి. ఎవరు ఎక్కువ తెస్తే వారికి సార్ ఒక పెప్పర్మెంటు బిళ్ళ ఇచ్చేవారు. మునుగు, ముంచు. వంగు, వంచు. పెరుగు, పెంచు. తెగు, తెంచు. మారు, మార్చు; చేరు, చేర్చు. కాలు, కాల్చు; రాలు, రాల్చు. నిండు, నింపు, దిగు, దింపు. తిరుగు, తిప్పు. చచ్చు, చంపు. వరుసలు కట్టి చూస్తే, గుకారం పోయిన చోట అరసున్నలా ఒక సున్న వచ్చి చుకారాన్ని తెచ్చుకోవడం, రు, లు మీద చు ఎక్కడం వంటి పోకడలు కళ్ళకు కట్టినట్లు కనిపించేవి. నాకు మాత్రం అసలు గని మా వంటింట్లోనే దొరికింది. ఎసరు మరుగుతుంది, మరగబెడతారు. పప్పు నానుతుంది, నానబెడతారు. అన్నం ఉడుకుతుంది, ఉడకబెడతారు. పాలు కాగుతాయి, కాస్తారు. పోపు వేగుతుంది, వేయిస్తారు. కూర మాడుతుంది, ఎవరైనా మాడుస్తారు గానీ, మాడ్చినట్లు ఒప్పుకున్న వాళ్ళను నేను చూడలేదు. వడియాలు ఆరతాయి, ఆరబెడతారు. చారు చల్లారుతుంది, చల్లారుస్తారు. నాయనమ్మ గంటె తిప్పుతూ చెబుతుంటే నేను గోడకు ఆనుకొని వ్రాసుకున్నాను. మరుసటి రోజు ఈ పట్టీ మొత్తాన్ని సార్ ఇంగ్లీషులోకి మార్చి చూపించారు: బాయిల్, సోక్, కుక్, ఫ్రై, బర్న్, డ్రై, కూల్. ఒక్కదానికీ జోడు లేదు. నీళ్ళు బాయిల్ అవుతాయి, మనం నీళ్ళను బాయిల్ చేస్తాము. రెండు చోట్లా అదే మాట. వాళ్ళ వంటిల్లంతా జోడు లేని మాటలతోనే నడుస్తుందన్నమాట. ఈ మాటలను నిఘంటువులో చూసి ఇది సకర్మకమా అకర్మకమా అని తేల్చుకోవడం కుదరదనీ, వాక్యంలో పెట్టి చూస్తే తప్ప తెలియదనీ సార్ అప్పుడు చెప్పారు. అంతవరకూ నేను క్రియలను రెండు డబ్బాల్లో వేరు చేసి పెట్టవచ్చని అనుకున్నాను. ఎన్నో క్రియలు రెండు డబ్బాల్లోనూ ఉంటాయంటే మొదట కొంత మోసపోయినట్లు కూడా అనిపించింది.

చప్పల్ బజారు నేస్తం ఈ పందెంలో మమ్మల్ని ఓడించినంత పని చేశాడు. టూట్నా, తోడ్నా (విరుగు, విరుచు), ఫూట్నా, ఫోడ్నా (పగులు, పగలగొట్టు), ఖుల్నా, ఖోల్నా (తెరుచుకొను, తెరుచు), బిక్నా, బేచ్నా (అమ్ముడుపోవు, అమ్ము) అని అతడు ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంటే, తెలుగుకూ ఉర్దూకూ ఈ విషయంలో ఉన్న పొత్తు ఇంగ్లీషుతో లేదని మాకు తెలిసిపోయింది. సార్‌కు తమ కాలేజీ రోజులు గుర్తుకు వచ్చాయేమో, అకర్మకాన్ని ఉర్దూ వ్యాకరణంలో "లాజిమ్" అంటారనీ, సకర్మకాన్ని "ముతఅద్దీ" అంటారనీ చెప్పారు. లాజిమ్ అంటే అంటిపెట్టుకొని ఉండేది, కర్తను విడిచి పోనిది. ముతఅద్దీ అంటే దాటిపోయేది. ఇంగ్లీషులో ట్రాన్సిటివ్ అనే మాట వచ్చిన లాటిన్ ధాతువుకు కూడా దాటి వెళ్ళడమనే అర్థం. ఇంత గంభీరంగా చెబుతూ ఉండగా మా నేస్తం చేయి ఎత్తి, "సార్, హమారే ఘర్ మేఁ తో ముతఅద్దీ బీమారీ బోల్తే" అన్నాడు. అంటువ్యాధిని ఉర్దూలో అలాగే అంటారు: ఒకరి నుంచి ఇంకొకరికి దాటేది. సార్ ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత మా వరండాలో ట్రాన్సిటివ్ వెర్బుకు "అంటు క్రియ" అనే పేరు స్థిరపడింది. క్రియ కర్తకు తగులుకుని అక్కడే ఆగితే ఒక రకం, పక్కవాడికి అంటితే ఇంకొక రకం. నాకు తెలిసిన నిర్వచనాలలో దీనికి మించినది లేదు.

అదే నేస్తానికి హిందీ పరీక్షలో మాత్రం ఈ అంటు క్రియ చాలా చేటు తెచ్చింది. హిందీలో, ప్రామాణిక ఉర్దూలో, జరిగిపోయిన పనిని చెప్పేటప్పుడు క్రియ సకర్మకమైతే కర్త పక్కన "నే" చేరుతుంది, క్రియ కర్మతో లింగం కలుపుకుంటుంది: "మైఁనే కితాబ్ పఢీ", నేను పుస్తకం చదివాను అని. మన దక్కనీ ఉర్దూలో ఆ "నే" లేదు. "మైఁ కితాబ్ పఢా" అని ఇంట్లో, బజారులో, హోటల్లో పుట్టినప్పటి నుంచీ విన్న పిల్లవాడికి, తన సొంత భాష అనుకున్నదానిలో ప్రతి వాక్యం కింద ఎర్ర గీత పడేది. ఉర్దూ ఇంటి నుంచి వచ్చినవాడికంటే తెలుగు ఇంటి నుంచి వచ్చిన మాకు "నే" సూత్రం తేలికగా పట్టుబడటం అతనికి పెద్ద అవమానంగా ఉండేది. మేము సూత్రంగా నేర్చుకున్నాము, అతడు అలవాటును మానుకోవలసి వచ్చింది, అంతే తేడా. లానా (తేవడం), భూల్నా (మరవడం), బోల్నా (మాట్లాడటం) అనే మూడు సకర్మకాలకు "నే" చేరదని తెలిసిన రోజున అతడు, ఆ మూడింటికీ లేనప్పుడు తక్కినవాటికి మాత్రం ఎందుకని చాలాసేపు వాదించాడు.

"దేన్ని? ఎవరిని?" అనే ప్రశ్న ఎక్కడ మోసం చేస్తుందో కూడా సార్ దాచలేదు. "హి బికేమ్ ఎ క్లర్క్" అన్న వాక్యంలో ఏమయ్యాడని అడిగితే గుమాస్తా అని జవాబు వస్తుంది, కానీ ఆ గుమాస్తా అతడే గనుక పని ఇంకొకరికి అంటలేదు, అది కర్మ కాదు. "హి వాక్డ్ టూ మైల్స్" అంటే ఆ రెండు మైళ్ళు ఎంత అన్న ప్రశ్నకు జవాబు, దేన్ని అన్న ప్రశ్నకు కాదు. సందేహం వస్తే వాక్యాన్ని తిరగేసి చూడమన్నారు. రాముడు రావణుని చంపెను, రావణుడు రాముని చేత చంపబడెను. ఇలా కర్మ ముందుకు వచ్చి కర్త కాగలిగితే క్రియ సకర్మకం. దీనికి కూడా రిజెంబుల్, కాస్ట్ లాంటి మొండి క్రియలు లొంగవు. వాటిని గుర్తుపెట్టుకోవడమే తప్ప చేయగలిగినది లేదు. ఇంకొక సంగతి మాకు నవ్వు తెప్పించింది. అకర్మకమైన నవ్వు కూడా ఇంగ్లీషులో తన నవ్వునే కర్మగా తెచ్చుకుంటుంది, "హి లాఫ్డ్ ఎ బిటర్ లాఫ్" అని. ఇది వాళ్ళకు వింత, మనకు రోజూ ఉన్నదే: ఆట ఆడతాము, పాట పాడతాము, ఒక వెర్రి నవ్వు నవ్వుతాము.

మా పెద్దనాన్న కొడుకు ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాడు. మన నగరంలో సంస్కృతం ఎంతమంది నోట బతికి ఉందో గానీ, మార్కుల పట్టికల్లో మాత్రం దానికి లోటు లేదు. ఆ అన్న ఒకనాడు "రామః గ్రామం గచ్ఛతి" అని చదువుతుంటే నాకు చెవి నిలిచింది. గ్రామం ద్వితీయా విభక్తి, అంటే ఊరు కర్మ. తెలుగులో రాముడు ఊరికి వెళతాడు, ఊరిని వెళ్ళడు. ఇంగ్లీషులో గో అకర్మకం, ముందు ఒక టు లేకుండా ఊరు చేరలేదు. అదే మనిషి, అదే దారి, అదే ఊరు. మూడు భాషలు మూడు రకాలుగా లెక్క వేస్తున్నాయి. పరుగెత్తుకుంటూ వెళ్ళి సార్‌ను అడిగితే, కర్త తన క్రియ ద్వారా అన్నింటికంటే ఎక్కువగా పొందగోరేదే కర్మ అని పాణిని చెప్పాడనీ, వెళ్ళేవాడు కోరేది ఊరే కాబట్టి సంస్కృతానికి ఊరు కర్మ అయిందనీ చెప్పి, "కర్మ పనిలో ఉండదు నాయనా, భాష చూసే చూపులో ఉంటుంది" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు పదిహేనేళ్ళు కూడా నిండలేదు. అర్థమైందని తల ఊపాను గానీ, అర్థం కావడానికి ఉద్యోగంలో చేరేదాకా పట్టింది.

నేను గుమాస్తాగా చేరిన ప్రభుత్వ కార్యాలయంలో మొదటి నెలలోనే, "వి డిస్కస్డ్ అబౌట్ ద మ్యాటర్" అని నేను వ్రాసిన నోటు మీద అబౌట్‌ను ఎర్ర పెన్సిలు గట్టిగా కొట్టేసి తిరిగి వచ్చింది. డిస్కస్ సకర్మకం, దాని కర్మ దాన్ని నేరుగా అంటుకోవాలి, మధ్యలో అబౌట్ నిలబడకూడదు. ఈ తప్పు తెలుగువాళ్ళలో ఎందుకు ఇంత మొండిగా ఉంటుందో ఆలోచిస్తే నాలుగో తరగతి పాటలోనే జవాబు దొరికింది. నిన్ నున్ లన్ కూర్చి గురించి. మనకు "గురించి" కూడా ద్వితీయా విభక్తే. "విషయాన్ని చర్చించాము" అన్నా "విషయం గురించి చర్చించాము" అన్నా మన చెవికి కర్మ చెప్పినట్లే ఉంటుంది. మనం తప్పు వ్రాసేది ఇంగ్లీషు రాక కాదు, తెలుగు వ్యాకరణాన్ని బుద్ధిగా పాటించడం వల్ల. "మ్యారీడ్ విత్" కూడా అంతే, మనకు పెళ్ళి ఒకరితో జరుగుతుంది. "లిజన్ మ్యూజిక్" దీనికి ఎదురు తప్పు: మనం సంగీతాన్ని నేరుగా వింటాము, ఇంగ్లీషు లిజన్ మాత్రం అకర్మకం కాబట్టి టు లేనిదే దాని గుమ్మం ఎక్కదు. ఇప్పుడు పిల్లలు ఫోనులో "రీచ్డ్" అని ఒక్క మాట పంపుతారు. రీచ్‌కు కర్మ కావాలి కదా అని నేను అంటే, చేరానని తెలిసింది కదా తాతయ్యా అంటారు. తెలిసిందనే ఒప్పుకోవాలి.

మా కార్యాలయంలో ఎక్కువ నలిగిన క్రియలు లై, లే. పడి ఉండటం లై, పెట్టడం లే. అయితే లై అనేదానికి భూతకాలం కూడా లే కావడంతో సగం మంది అక్కడే బోల్తాపడతారు. ఒక కొత్త గుమాస్తా "ద ఫైల్ ఈజ్ లేయింగ్ ఆన్ ద టేబుల్" అని వ్రాస్తే, మా సూపరింటెండెంటు అతడిని పిలిచి, "ఫైలు ఏం గుడ్లు పెడుతున్నదయ్యా?" అని అడిగారు. శాసనసభ ముందు కాగితాలు పెట్టినప్పుడు మాత్రం "లెయిడ్ ఆన్ ద టేబుల్" అనడమే ఒప్పు. అక్కడ పెట్టేవాళ్ళు ఉన్నారు, పెట్టబడే కాగితాలు ఉన్నాయి. ఈ జంట ఎక్కడిదో చూద్దామని ఒక సెలవు రోజున అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళాను. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైనది అదే. ఆ ఎత్తైన కప్పు కింద ఒక పెద్ద నిఘంటువులో చూస్తే, వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు కూడా మన తెలుగు చేసినట్లే చేసిందని తెలిసి ఆశ్చర్యపోయాను. అకర్మక క్రియలో అచ్చు మార్చి సకర్మకాన్ని పుట్టించేవారట. లై నుంచి లే, సిట్ నుంచి సెట్, ఫాల్ నుంచి చెట్టును పడగొట్టే ఫెల్, డ్రింక్ నుంచి డ్రెంచ్. డ్రెంచ్ అంటే మొదట తడపడం కాదు, తాగించడం. పశువులకు మందు పట్టించడాన్ని ఇప్పటికీ ఆ మాటతోనే అంటారు. లేవడమనే రైజ్‌కు జోడుగా మనకు తెలిసిన, లేపడమనే రేజ్ మాత్రం స్కాండినేవియా వైపు నుంచి వచ్చి చేరింది, దాని సొంత జోడు రియర్. మునుగు, ముంచు లాంటి జంటలు వాళ్ళకూ ఒకప్పుడు ఎన్నో ఉండేవి. కాలక్రమంలో చాలామట్టుకు అరిగిపోయి, నాలుగైదు మాత్రం పళ్ళూడిన దువ్వెనకు మిగిలిన పళ్ళలా నిలిచాయి. ఆ నాలుగైదింటినే పరీక్షల్లో మన పిల్లలకు ఇస్తారు.

ఈ సంగతి సార్‌కు చెప్పాలని ఆ సాయంత్రమే బర్కత్‌పురా వెళ్ళాను. వారికి అప్పటికి చూపు బాగా తగ్గింది. నా మాట అంతా విని, డ్రింక్ డ్రెంచ్ అని రెండుసార్లు నోట్లో తిప్పుకొని, "చూశావా, వాళ్ళ నాయనమ్మలకు కూడా తెలిసే ఉంటుంది" అన్నారు. పదమూడేళ్ళ కిందట మా నాయనమ్మ అడిగిన ప్రశ్నను వారు మరిచిపోలేదని అప్పుడు తెలిసింది.

ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసిన వారికి తెలుసు, ఫైలు మీద పై అధికారులు తరచుగా వ్రాసే మాట "ప్లీజ్ డిస్కస్". వచ్చి మాట్లాడమని దాని అర్థం. దేని గురించి మాట్లాడాలో ఉండదు. కర్మ లేని ఆ డిస్కస్‌ను నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వందల ఫైళ్ళ అంచున చూశాను. అబౌట్ చేర్చినందుకు నన్ను దిద్దిన ఎర్ర పెన్సిలే దీన్ని కూడా వ్రాసేది. 2022లో పదవీ విరమణకు ముందు రోజు కూడా నా బల్ల మీదికి అటువంటి ఫైలు ఒకటి వచ్చింది. ఆ రెండు మాటల కింద పెన్సిలుతో సన్నగా "దేన్ని?" అని వ్రాసి, కాసేపు చూసుకొని, రబ్బరుతో తుడిచేసి, ఫైలు చేత పట్టుకొని అధికారి గదిలోకి వెళ్ళాను.